వైజాగ్‌లో అలర్జీ టెస్టు ఎవరైనా చేయించుకున్నారా? చలికాలం తుమ్ములకి ఏం చేస్తున్నారు?

ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ), నవంబరు 6

అందరికీ నమస్కారం. దసరా సెలవులు అయిపోయి బడులు తెరిచారంటే మా ఇంట్లో తుమ్ములు మొదలవుతాయి. పొద్దున మంచం దిగకముందే వరసగా తుమ్ములు, తర్వాత కుళాయి విప్పినట్టు ముక్కు కారడం, మధ్యాహ్నానికి దిబ్బడ, రాత్రికి నోటితో గాలి పీల్చుకోవడం. కళ్ల మూలలు ఒకటే దురద. శివరాత్రి దాకా ఇదే వరస. ఎండాకాలం కాస్త నయం. వానలు పడ్డాక మళ్లీ అప్పుడప్పుడు వస్తుంది.

మా పాపకి ఏడేళ్లు. దానికీ అరచేత్తో ముక్కుని పైకి తోసుకునే అలవాటు వచ్చింది. ముక్కు మీద అడ్డంగా సన్నని గీత కూడా పడింది. నా సంగతి ఎలా ఉన్నా, దాన్ని చూస్తే మాత్రం బాధగా ఉంది.

రాత్రిళ్లు సెట్రిజిన్ వేసుకుంటే బ్యాంకులో పన్నెండింటి దాకా మత్తు వదలదు. ఈఎన్‌టీ డాక్టరు గారు స్కిన్ ప్రిక్ టెస్టు చేయిద్దామన్నారు. మా ఆఫీసులో ఒకావిడ మాత్రం అదంతా ఎందుకు, ఒక్కసారి రక్తం ఇస్తే రెండు వందల రకాలు చూసి చెప్పేస్తారు అంటోంది. ఏది మంచిది? నొప్పి ఉంటుందా? ముందు ఏవైనా మానాలా? చేయించుకున్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

తెల్లారి_నడక (సీతమ్మధార), నవంబరు 6

మీ వీధిలో ఏడాకుల పాల చెట్లున్నాయేమో చూడండి. మా దగ్గర అక్టోబరు నెలాఖరు నుంచి చీకటి పడితే చాలు, ఆ పూల ఘాటుకి తలనొప్పి, గొంతులో గరగర. కిటికీలు మూసుకుని కూర్చుంటున్నాం. పొద్దున నడకకి వచ్చే వాళ్లందరిదీ ఇదే మాట.

లాబ్‌కోటు (రామ్‌నగర్), నవంబరు 7

ఉప్పుగాలి గారూ, నేను అలర్జీ టెస్టులు చేసే టెక్నీషియన్‌ని. డాక్టరుని కాదు కాబట్టి మందుల విషయం మీ డాక్టరు చెప్పినట్టే నడుచుకోండి. టెస్టు ఎలా జరుగుతుందో మాత్రం పూర్తిగా చెప్పగలను.

ఇది ఇంజెక్షన్ కాదు. ముంజేయి లోపలివైపు పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో ద్రావణం చుక్క వేస్తాం. ధూళి పురుగులు (పరుపుల్లో, దుమ్ములో బతికే, కంటికి కనబడనంత చిన్నవి), బొద్దింక, బూజులు, పుప్పొళ్లు, పిల్లి, కుక్క ఇలా ఉంటాయి. చుక్క మీంచి చిన్న లాన్సెట్‌తో పై చర్మాన్ని గిచ్చినట్టు తాకిస్తాం. రక్తం రాకూడదు. మీ పాప వయసు పిల్లలు మొదటి చుక్కకి భయపడతారు. తర్వాత వాళ్లే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. అసలు కష్టం ఆ తర్వాత 15, 20 నిమిషాలు గోక్కోకుండా ఉండటం.

వాటిలో రెండు చుక్కలు టెస్టుని పరీక్షించడానికే ఉంటాయి. ఒకటి హిస్టమిన్, అంటే అలర్జీలో దురద, దద్దు తెచ్చే పదార్థం. అక్కడ దద్దు లేచి తీరాలి. లేవలేదంటే ఒంట్లో అలర్జీ మందు ఇంకా పనిచేస్తోందని అర్థం, ఆ రోజు టెస్టు చెల్లదు. రెండోది ఉత్త ఉప్పునీరు. అక్కడ లేవకూడదు. లేచిందంటే గీరినా దద్దు తేలే చర్మం అన్నమాట. అప్పుడు ఈ పద్ధతిలో ఏదీ నమ్మలేం. మిగతా చుక్కల దగ్గర లేచిన దద్దుని స్కేలుతో కొలుస్తాం. ఉప్పునీటి దగ్గర ఉన్నదానికంటే 3 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్ అని రాస్తాం.

మందుల సంగతి చాలా ముఖ్యం. సెట్రిజిన్, లీవోసెట్రిజిన్, ఫెక్సోఫెనాడిన్ లాంటివి మామూలుగా 5 నుంచి 7 రోజుల ముందే ఆపమంటారు. జలుబు సిరప్పుల్లో, ప్రయాణంలో వాంతులు కాకుండా వేసుకునే మాత్రల్లో, నిద్ర పట్టడానికి ఇచ్చే కొన్ని మందుల్లో కూడా ఇదే గుణం ఉంటుంది. జనం వాటిని అలర్జీ మందుగా లెక్కపెట్టరు. అందుకే ఇంట్లో వేసుకుంటున్న ప్రతి చీటీ, ప్రతి సీసా పట్టుకెళ్లి చూపించండి. ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే, ఆస్తమా ఇన్‌హేలర్ ఆపక్కర్లేదు. బీపీకి, గుండెకి బీటా బ్లాకర్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. ఎప్పుడో అరుదుగా టెస్టు వల్ల తీవ్రమైన రియాక్షన్ వస్తే, దానికి ఇచ్చే అడ్రినలిన్ ఆ మందు వాడేవాళ్లలో సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని బీపీ మందు మీ అంతట మీరు ఆపేయకండి. గర్భంతో ఉన్నవాళ్లకి, ఆ రోజు పిల్లికూతలతో ఆయాసపడుతున్నవాళ్లకి వాయిదా వేస్తారు. చేతికి క్రీములు, నూనె రాసుకుని రావద్దు.

రక్తపరీక్షకి మందులు ఆపక్కర్లేదు, అదొక సుఖం. చర్మం నిండా గజ్జి, ఎగ్జిమా ఉన్నవాళ్లకి, మందు ఒక్కపూట కూడా ఆపలేనివాళ్లకి అదే దారి. ఐజీఈ అంటే అలర్జీలో ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ. కానీ అడగాల్సింది ఫలానా వస్తువు మీద ఐజీఈ, అంటే స్పెసిఫిక్ ఐజీఈ. రిపోర్టులో 0.35 దగ్గర గీత ఉంటుంది, ఆపైన ఉంటే పాజిటివ్ అంటారు. మొత్తం ఐజీఈ ఒక్కటే చూసి అలర్జీ ఉందని తేల్చేయకూడదు. కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది.

మీ ఆఫీసు ఆవిడ చెప్పిన రెండు వందల రకాలది ఏమిటో కనుక్కోండి. తిండి వస్తువులకి ఐజీజీ చూసి ఇచ్చే జాబితా అయితే దానితో అలర్జీ తేలదు. మనం తినే తిండిని ఒళ్లు గుర్తుపట్టిందని చెప్పేది ఐజీజీ. రోజూ అన్నం, పాలు, కందిపప్పు తినేవాళ్లకి అవే పాజిటివ్ రావడంలో వింత లేదు.

పాతఊరు (పూర్ణా మార్కెట్ దగ్గర), నవంబరు 7

అమ్మా, మాదీ అదే బాధ. మా వీధిలో సగం మందికి ఉంటాది. డాబా మీద బట్టలారేస్తే సాయంత్రానికి నల్లటి పొడి చేతికంటుతాది. బొగ్గు దుమ్మో, లారీల దుమ్మో చెప్పలేం. ఇన్నేసి చుక్కలేసి గుచ్చి చూసినా ఆ బొగ్గు దుమ్ముకి చుక్క ఉంటాదా? టెస్టు అయ్యాక ఇల్లు మార్చుకోగలమా? డబ్బు పెట్టే ముందు ఆ ముక్క కూడా ఆలోచించాల.

లాబ్‌కోటు, నవంబరు 7

పాతఊరు గారూ, మంచి ప్రశ్న అడిగారు. ఉండదు. బొగ్గు దుమ్ము, పొగ, పెయింటు వాసన, అగరొత్తులు, దోమల కాయిల్ ఇవన్నీ ముక్కునీ ఊపిరితిత్తుల్నీ రేపుతాయి. అది ఐజీఈ ద్వారా జరిగేది కాదు కాబట్టి చర్మపరీక్షలో దొరకదు. టెస్టు అంతా నెగెటివ్ వచ్చి తుమ్ములు మాత్రం పోనివాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ అబద్ధమని కాదు, వేరే రకం అని. ఇప్పటికే అలర్జీతో వాచి ఉన్న ముక్కుకి ఈ దుమ్ము తోడైతే రెండింతలవుతుంది. ఆ వాపు తగ్గించుకుంటే అదే దుమ్ముని కొంత తట్టుకోగలరు. ఇల్లు మార్చలేనివాళ్లకి కూడా టెస్టు పనికొచ్చేది అందుకే.

చెట్టూచేమా (కిర్లంపూడి లేఅవుట్), నవంబరు 8

వృక్షశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఏడాకుల పాల ప్రస్తావన వచ్చింది కాబట్టి నాలుగు మాటలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి మన ఊరి చెట్లని నేలకూల్చిన సంగతి ఎవరూ మరిచిపోలేరు. ఆ తర్వాత మళ్లీ పచ్చగా చేయాలన్న తొందరలో త్వరగా నీడనిచ్చేవి, పశువులు ముట్టనివి ఎంచి నాటారు. ఏడాకుల పాల అలాగే వీధుల్లోకి విరివిగా వచ్చింది. అడవిలో దూరదూరంగా ఉండే చెట్టుని రోడ్డు పొడవునా వరసగా పెడితే, అన్నీ ఒకేసారి పూసి రాత్రిపూట ఆ ఘాటు వీధంతా కమ్మేస్తుంది. ఆ పువ్వుల పుప్పొడిని మోసేది ముఖ్యంగా పురుగులు. గాలి మోసుకొచ్చి మన ముక్కుల్లో పోసే రకం కాదు. కాబట్టి చాలామందికి పడనిది ఆ వాసనే అనుకుంటాను. అందుకని బాధ తక్కువని నేననను. ఆస్తమా ఉన్నవాళ్లకి ఘాటైన వాసన చాలు.

గాలి మోసే పుప్పొడి కథ వేరు. కంటికి అందంగా కనిపించని పువ్వులే ఎక్కువ బాధపెడతాయి. తీరం పొడవునా ఉన్న సరుగుడు తోటలు, ఖాళీ స్థలాల్లో గడ్డిజాతులు, తోటకూర జాతి కలుపు మొక్కలు ఈ రకం. వయ్యారిభామ (పార్థీనియం) సంగతి ప్రత్యేకం. 1950ల్లో పుణే దగ్గర గుర్తించిన ఈ మొక్క ఇప్పుడు మధురవాడ, పెందుర్తి వైపు ఏ ఖాళీ ప్లాటులో చూసినా నడుమెత్తు ఉంటుంది. దాని పుప్పొడితో తుమ్ములు, ఆయాసం వస్తాయి. మొక్క తగిలితే చర్మం మీద మొండి దద్దుర్లు లేస్తాయి. పీకేవాళ్లు చేతికి తొడుగులు, ముక్కుకి మాస్కు లేకుండా దిగవద్దు. పూత రాకముందే పీకాలి. డివైడర్ల మీద పెంచే కోనోకార్పస్ మీద కూడా ఫిర్యాదులు విని 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటడం నిషేధించింది.

ఇంకొక్క మాట. మన ఊరు సముద్రానికి ముందు, కొండలకి మధ్య గిన్నెలా కూర్చుంది. చలికాలం తెల్లవారుజామున కింది గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండి మూత పెట్టినట్టవుతుంది. పొగ, దుమ్ము పైకి లేచి పోవు. మా నడక బృందానికి డిసెంబరు, జనవరి నెలల్లో ఎండ ఎక్కాకే బయల్దేరమని చెబుతున్నాను.

తెల్లారి_నడక, నవంబరు 8

మాస్టారూ, అయితే ఏడాకుల పాల కొట్టేయమని అర్జీ పెట్టాలనుకుంటున్న మా కాలనీ వాళ్లకి ఏం చెప్పమంటారు?

చెట్టూచేమా, నవంబరు 8

కొట్టేయమనకండి. పూత రాకముందు, వానాకాలం చివర్లో కొమ్మలు కత్తిరించమని అడగండి. ఆసుపత్రుల దగ్గర, బడుల దగ్గర ఉన్నవాటిని మాత్రం క్రమంగా మార్చి కానుగ, వేప లాంటివి పెట్టమనండి. హుద్‌హుద్ తర్వాత ఆ ఎండలో నిలబడ్డవాళ్లం, మళ్లీ బోడి రోడ్లు కోరుకోకూడదు.

రొయ్యలకూర (జాలారిపేట దగ్గర), నవంబరు 9

ఉప్పుగాలి గారూ, రిపోర్టు వచ్చాక మీకు ఎదురయ్యే చిక్కు ఒకటి ముందే చెబుతాను. నాకు జరిగింది.

రెండేళ్ల క్రితం ఒక ల్యాబ్ వాళ్లు ఆఫర్‌లో పెద్ద ప్యానెల్ చేశారు. డాక్టరు రాసింది కాదు. రిపోర్టులో ధూళి పురుగులు గట్టిగా పాజిటివ్, బొద్దింక పాజిటివ్, రొయ్యలు కూడా పాజిటివ్. ఎర్ర అక్షరాలు చూసి మా మావగారు హడలిపోయి ఇంట్లోకి రొయ్య రానివ్వలేదు. మాది సముద్రం ఒడ్డు ఇల్లు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రొయ్యలు తిన్నదాన్ని, ఏనాడూ పెదవి కూడా దురద పెట్టలేదు. రొయ్యలు మానేసినా తుమ్ములు తగ్గలేదు. అయినా రిపోర్టులో ఉంది కదా అని అందరూ నన్నే కోప్పడేవారు.

చివరికి అలర్జీ చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, రిపోర్టు పక్కన పెట్టి ముందు నన్ను అడిగింది. రొయ్యలు తిన్న గంట, రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం ఎప్పుడైనా వచ్చాయా అని. ఎప్పుడూ లేదన్నాను. అప్పుడు చెప్పింది: రొయ్యలో, ధూళి పురుగులో, బొద్దింకలో ఒకే పోలిక ఉన్న ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు ఉంటుందట. పురుగు మీద తయారైన ఐజీఈ రొయ్యని కూడా పురుగే అనుకుని అంటుకుంటుంది, అందుకే రిపోర్టులో పాజిటివ్ కనబడుతుంది. తింటే ఏమీ కానప్పుడు అది అలర్జీ కాదు, తినమంది. మా మావగారిని కూడా పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. ఆ ఆదివారమే వండుకున్నాం.

ఇది నా సంగతి. తిన్న వెంటనే పెదవులు వాచినవాళ్లు, గొంతు బిగుసుకున్నవాళ్లు నా మాట పట్టుకుని తినకండి. వాళ్లకి అది ప్రాణాల మీదికొచ్చే విషయం. ఇంట్లో తిని చూడటం కూడా వద్దు.

లాబ్‌కోటు, నవంబరు 9

రొయ్యలకూర అక్కా, మా క్లినిక్ గోడ మీద రాసి పెట్టాల్సిన మాట ఇది. పాజిటివ్ అంటే ఒంట్లో ఐజీఈ తయారై ఉందని మాత్రమే. దానివల్లే బాధ వస్తోందా లేదా అన్నది మీ కథని బట్టి తేలుతుంది.

అందుకే ఉప్పుగాలి గారూ, టెస్టుకి వెళ్లేలోపు ఒక పని చేయండి. తుమ్ములు ఏ పూట, ఏ గదిలో, ఏం చేస్తుండగా ఎక్కువయ్యాయో చిన్న పుస్తకంలో రాయండి. ఊరెళ్తే ఎలా ఉందో రాయండి. మంచం మీద ఎక్కువా, స్కూటర్ మీద ఎక్కువా, దీపావళి పొగలోనా, బీరువా తెరిచినప్పుడా? డాక్టరుకి ఆ పుస్తకం చూపించి, వాటికి సరిపడే చుక్కలే పెట్టమని అడగండి.

మధురవాడ_మామ్మ, నవంబరు 9

మా మనవడికి నాలుగేళ్లు. నెలకోసారి నెబులైజర్ పెట్టాల్సి వస్తోంది. అంత చిన్నపిల్లాడికి ఈ టెస్టు చేస్తారా నాయనా? కోడలు ఒద్దంటోంది.

లాబ్‌కోటు, నవంబరు 9

చేస్తారు మామ్మగారూ, వయసు అడ్డం కాదు. మరీ పసివాళ్లలో దద్దు చిన్నగా లేస్తుంది, అది తెలిసిన డాక్టరు చూడాలి. అయితే ముందు బాబు ఆయాసం అదుపులోకి రావాలి. పిల్లల డాక్టరుతో మాట్లాడి రోజూ వాడే ఇన్‌హేలర్ అవసరమేమో అడగండి. స్పేసర్ గొట్టంతో ఇస్తే నాలుగేళ్ల పిల్లలు బాగానే తీసుకుంటారు. ప్రైవేటులో ఖర్చు భరించలేకపోతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల ఓపీలో చూపించండి. పెదవాల్తేరు వైపు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, ఛాతీ ఆసుపత్రి కూడా ఉన్నాయి కదా. ఏ టెస్టు ఎక్కడ చేస్తున్నారో ఓపీ చీటీ తీసుకునేటప్పుడే కనుక్కోండి.

మందులకొట్టు (అక్కయ్యపాలెం), నవంబరు 10

ఫార్మసిస్టుని. ఈ సీజన్లో మా కౌంటర్ దగ్గర చూసేవి చెబితే కొందరికైనా ఉపయోగం.

మొదటిది, ముక్కు దిబ్బడకి చుక్కలు. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ వేస్తే నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. అందుకే జనం వదలరు. ఐదు రోజులు దాటి వాడితే మందు దిగగానే ముందుకంటే ఎక్కువగా బిగుసుకుంటుంది. మళ్లీ చుక్క, మళ్లీ బిగుసుకోవడం. నెలల తరబడి జేబులో సీసా పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు. వాళ్లకి అలర్జీ కంటే ఆ చుక్కల బాధే పెద్దది.

స్టిరాయిడ్ స్ప్రే దీనికి పూర్తిగా వేరు. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ లాంటివి. స్టిరాయిడ్ అన్న మాటకే భయపడి తీసుకెళ్లరు, తీసుకెళ్లినా రెండ్రోజులు కొట్టి పనిచేయలేదని మానేస్తారు. దాని పూర్తి గుణం తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ముక్కులో పనిచేసి ఒంట్లోకి చాలా తక్కువ వెళ్తుంది. కొట్టే పద్ధతి సగం వైద్యం: ముక్కు చీదుకుని, తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టండి. అప్పుడు మందు నడిమి గోడకి కాకుండా బయటి గోడకి తగులుతుంది. నడిమి గోడకి తగిలితే రక్తం కారుతుంది. గట్టిగా ఎగపీల్చకండి, గొంతులోకి పోతుంది.

అలర్జీకి, ఆస్తమాకి ఇచ్చే మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలు చీటీ లేకుండా అడుగుతారు. నిద్రలో ఉలికిపాట్లు, చిరాకు, దిగులు లాంటి మానసిక ప్రభావాల గురించి 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద తన గట్టి హెచ్చరిక పెట్టింది. పిల్లలకి ఇస్తున్నవాళ్లు ఆ మార్పులు గమనించండి, కనిపిస్తే డాక్టరుకి వెంటనే చెప్పండి.

సీజన్‌కి ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే ఏడాదంతా హాయి అని ఎవరైనా చెబితే వద్దనండి. అది ఎక్కువకాలం ఒంట్లో నిలిచే స్టిరాయిడ్. షుగరు, ఎముకలు, కళ్లు అన్నిటికీ చేటు.

ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మాత్రం అందరికీ చెబుతాను. జలనేతి తెలిసినవాళ్లకి కొత్త కాదు. కానీ కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా వద్దు. మరగకాచి చల్లార్చినవే వాడండి. నీళ్లలో అరుదుగా ఉండే అమీబా ముక్కు ద్వారా మెదడుకి చేరే ప్రమాదం ఉంది.

గాజువాక_గాలి, నవంబరు 10

మా నాన్న ఏటా మృగశిర కార్తెకి రైలెక్కి హైదరాబాద్ వెళ్లి చేప మందు వేయించుకొస్తారు. దానివల్లే ఆయాసం తగ్గిందని ఆయన గట్టి నమ్మకం. ఇప్పుడు ఇన్‌హేలర్ ఎందుకని మానేశారు. రాత్రి దగ్గుతో లేచి కూర్చుంటున్నారు. ఆయనకి ఎలా నచ్చజెప్పాలో తెలియడం లేదు.

మందులకొట్టు, నవంబరు 10

తమ్ముడూ, నమ్మకం మీద వాదం పెట్టుకోకు. చేప మందు పనిచేస్తుందని పరీక్షల్లో తేలలేదు. కానీ ఆ మాటతో ఆయన వినరు. జూన్‌లో వేయించుకోండి నాన్నా, మందు మాత్రం రోజూ పీల్చండి అను. రాత్రి దగ్గుతో లేవడం ఆస్తమా అదుపు తప్పిందన్న గుర్తు. ఈ వారమే ఛాతీ డాక్టరుకి చూపించు. పీక్ ఫ్లో మీటర్ (ఊపిరి ఎంత జోరుగా వదులుతున్నారో అంకెలో చూపే గొట్టం) ఒకటి కొని ఆయన చేతికే ఇవ్వు. ఇన్‌హేలర్ మళ్లీ మొదలుపెట్టాక అంకె పెరగడం కళ్లారా చూస్తే ఆయనకే తెలుస్తుంది.

ఉప్పుగాలి, నవంబరు 24

మీరంతా ఇంత ఓపిగ్గా రాసినందుకు రుణపడి ఉంటాను. టెస్టు అయింది. నాకూ, పాపకీ ఇద్దరికీ చేశారు.

మందు ఆపిన ఆ వారం నిజంగా కష్టం. డాక్టరు గారు స్ప్రే కొనసాగించమన్నారు కాబట్టి గట్టెక్కాను. లాబ్‌కోటు గారు చెప్పినట్టు పుస్తకం రాశాను. రాస్తుంటేనే ఒక సంగతి తెలిసింది. అరకు వెళ్లి హోటల్లో పడుకున్న రాత్రి నాకు తుమ్ములు తక్కువ, ఇంటికొచ్చి మా గది మంచం మీద పడుకోగానే ఎక్కువ. ఇన్నాళ్లూ చలిగాలి, మంచు అనుకుంటూ వచ్చాను. పాప రాసుకున్న పేజీలో మాత్రం ఒకటే మాట ఉంది, బొమ్మల అట్టపెట్టె తీసినప్పుడు అని.

రిపోర్టు: ఇద్దరికీ ధూళి పురుగులు పెద్ద దద్దు. నాకు బొద్దింక చిన్నది. పాపకి ఒక బూజు. వయ్యారిభామ నాకు స్వల్పంగా. మిగతావన్నీ నెగెటివ్. పిల్లి కూడా నెగెటివ్ రావడంతో పాప ఎగిరి గంతేసింది, మెట్ల కింద పిల్లికి పాలు పోస్తోంది లెండి.

నాకు అర్థం కానిది ఒకటే. ధూళి పురుగులు ఏడాదంతా ఉంటాయి కదా, మరి దసరా తర్వాతే ఎందుకు ఎక్కువ? ఇంకోటి, ఇమ్యునోథెరపీ గురించి చెప్పారు. మూడేళ్లంటే భయంగా ఉంది.

లాబ్‌కోటు, నవంబరు 24

పురుగులకి కావాల్సింది తేమ, వెచ్చదనం, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు. గాల్లో తేమ సగానికి పైన ఉంటే బాగా బతుకుతాయి. సముద్రపు ఊళ్లో వాటికి కొదవేముంది? వానాకాలమంతా పెరుగుతాయి. చలి రాగానే మనం కిటికీలు మూసేస్తాం, పెట్టెలోంచి దుప్పట్లు, బొంతలు తీస్తాం. పాత పురుగుల రెట్ట అంతా ముక్కు దగ్గరికి వస్తుంది. అలర్జీ తెచ్చేది ముఖ్యంగా ఆ రెట్టే. దానికి బయటి పొగ, చల్లగాలి, పూల వాసన తోడు. మీరు పొద్దున మంచం మీదే తుమ్మడానికి ఇదే కారణం అయి ఉంటుంది. మీ డాక్టరుతో ఒకసారి సరిచూసుకోండి.

చేయాల్సింది పరుపు దగ్గర మొదలవుతుంది. పరుపుకీ దిండ్లకీ జిప్పు ఉన్న, పురుగు దూరని నేత కవర్లు వేయండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. ఎండలో వేస్తే పురుగులు చస్తాయి కానీ రెట్ట అలాగే ఉంటుంది, అందుకని ఉతకడం తప్పదు. పాప మంచం మీద బొచ్చు బొమ్మలు ఒకటికి మించి వద్దు. ఊడ్చే ముందు తడిగుడ్డ పెట్టండి. ఏసీ ఫిల్టరు కడగండి. గోడకి చెమ్మ ఎక్కి నల్లమచ్చలుంటే పాప మంచం అక్కడి నుంచి జరిపి, ముందు ఆ నీటి కారుడు ఆపించండి. ఉత్త సున్నం కొడితే బూజు మళ్లీ వస్తుంది.

మూడో_ఏడు (మర్రిపాలెం), నవంబరు 25

ఇమ్యునోథెరపీలో ఉన్నాను, పేరులోనే ఉంది. పడని వస్తువునే కొద్దికొద్దిగా ఇస్తూ ఒంటికి అలవాటు చేయడం. 1911లోనే లండన్‌లో గడ్డి పుప్పొడితో మొదలుపెట్టిన వైద్యమట ఇది. నాది ఇంజెక్షన్ల పద్ధతి. మొదట్లో వారం వారం, తర్వాత నెలకోసారి. ప్రతిసారీ సూది అయ్యాక అరగంట క్లినిక్‌లోనే కూర్చోబెడతారు, పనుందని వెళ్లిపోతానంటే ఒప్పుకోరు. అది మన మంచికే, వచ్చే రియాక్షన్లలో చాలావరకు ఆ అరగంటలోనే వస్తాయి. నాలుక కింద చుక్కల పద్ధతి కూడా ఉంది, అది ఇంట్లోనే వేసుకోవచ్చు.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది పెద్ద తేడా కనిపించలేదు. రెండో చలికాలానికి మాత్రలు బాగా తగ్గాయి. ఇప్పుడు తుమ్ములు లేవని కాదు, రోజు గడిచిపోతోంది. మధ్యలో మానేస్తే పెట్టిన డబ్బు వృథా. కాబట్టి ట్రాన్స్‌ఫర్లున్న ఉద్యోగమైతే ముందే లెక్కేసుకోండి. ఆస్తమా అదుపులో లేకపోతే మొదలుపెట్టరు. ముందు పరుపు కవర్లు, స్ప్రే సరిగా వాడి ఒక సీజన్ చూసి నిర్ణయించుకోమని మా డాక్టరు నాకు చెప్పారు. మీకూ తొందరేమీ లేదు.

పాతఊరు, నవంబరు 25

లాబ్‌కోటు గారు చెప్పిన కవర్లు నేను కూడా తెప్పించినాను. మా ఆవిడ దూది పరుపు బయట పారెయ్యమంటాది, మా అమ్మ పెట్టిన సారె పరుపు అది. పారెయ్యాలా?

లాబ్‌కోటు, నవంబరు 25

పారేయక్కర్లేదు బాబాయ్. దూది విప్పించి, మండుటెండలో ఆరబెట్టి, కొత్త గుడ్డతో కుట్టించి ఆ కవరులో పెట్టండి. ఏకించేటప్పుడు మీరు, ముక్కు బాధ ఉన్నవాళ్లెవరూ ఆ దరిదాపుల్లో ఉండకండి.

ఉప్పుగాలి, జనవరి 4

మా ఇంట్లో పరుపు కవర్లు వేశాం, బొమ్మల పెట్టె ఖాళీ చేశాం. స్ప్రే రోజూ. పాప రాత్రి నోరు మూసుకుని నిద్రపోతోంది, నాకంతకంటే ఏం కావాలి! సెట్రిజిన్ అవసరమైన రోజునే వేసుకుంటున్నాను. ఇప్పుడు సంక్రాంతి దులుపుడు మొదలైంది. అత్తగారు అటకలన్నీ దింపుతున్నారు. భోగి మంట చూడాలని పాప పట్టు. ఏం చేయమంటారు?

మందులకొట్టు, జనవరి 4

దులుపుడు రోజు మీరిద్దరూ ఇంట్లో ఉండకండి. బూజు దులిపి, తడిగుడ్డ పెట్టిన రెండు గంటల తర్వాత రండి. మీరే చేయాల్సి వస్తే ఎన్95 మాస్కు పెట్టుకోండి, మామూలు చున్నీ ఆగదు. పని అవగానే తలస్నానం చేసి, ఉప్పునీటితో ముక్కు కడుక్కోండి.

భోగికి మంట ఎగదోసే మొదటి పొగ అయిపోయాక, పొగ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబెట్టి పాపకి చూపించండి. టైర్లు, ప్లాస్టిక్ వేస్తున్న మంట దగ్గరికి అసలు తీసుకెళ్లకండి. ఆ పూట స్ప్రే మానకండి. పిల్లికూతలు వినిపిస్తే అక్కడి నుంచి వచ్చేసి డాక్టరుకి ఫోన్ చేయండి.

తెల్లారి_నడక, జనవరి 5

మా కాలనీ అర్జీ సంగతి: కొమ్మల కత్తిరింపు అడుగుతూ సంతకాలు పెట్టించాం. చెట్టూచేమా మాస్టారే కాగితం రాసిచ్చారు. వేరే కాలనీల వాళ్లకి నకలు కావాలంటే ఇక్కడ అడగండి, పెడతాను.